మన దారిలో పుట్టిన టీకా మన పెద్దలకెప్పుడు?

గుండ్లపోచంపల్లి నుంచి కండ్లకోయ మీదుగా హైవే ఎక్కి, మేడ్చల్ దాటి ఇంకాస్త ముందుకు పోతే అత్వెల్లి వస్తుంది. నాగ్‌పూర్ వైపు పరుగులు తీసే లారీల్లో ఉన్నవాళ్లకు ఆ ఊరి పేరు తెలియకపోవచ్చు. మన దేశ వైద్య చరిత్రలో మాత్రం దానికి చోటుంది. శాంతా బయోటెక్నిక్స్ టీకాల కర్మాగారం అక్కడే వెలిసింది. 1997 ఆగస్టులో ఆ సంస్థ తెచ్చిన శాన్‌వ్యాక్-బి, రీకాంబినెంట్ పద్ధతిలో మనవాళ్లు సొంతంగా తయారుచేసుకున్న మొదటి టీకా. కాలేయాన్ని ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను అడ్డుకునే టీకా అది.

మేడ్చల్ నుంచి తూర్పుగా శామీర్‌పేట వైపు వెళ్తే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. 1998లో తన హెపటైటిస్ బి టీకాను తెచ్చిన భారత్ బయోటెక్ అక్కడుంది. ఆ పక్కనే కొల్తూరులో బయొలాజికల్ ఇ ప్రాంగణం ఉంది. అంగన్‌వాడీలో పసిపిల్లల తొడకు వేసే ఐదు జబ్బుల పెంటావలెంట్ టీకాను తయారుచేసే పెద్ద సంస్థల్లో అదొకటి. ఆ ఐదింటిలో హెపటైటిస్ బి కూడా ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడి పిల్లలకో రక్షణ ఇచ్చిన సీసాలు ఇలా మన ఇళ్లకు గంట ప్రయాణం దూరంలో నిండాయి.

ఇంత ఉండీ, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై అయిదు, నలభై దాటిన వాళ్లను ఒక్క మాట అడిగి చూడండి: హెపటైటిస్ బి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? టీకా వేయించుకున్నారా? బిడ్డ టీకాల కార్డును భద్రంగా బీరువాలో దాచుకున్న తల్లికి తన రక్తంలో ఏముందో తెలియదు. కాన్పు సమయంలో ఆస్పత్రివాళ్లు పరీక్ష చేసి ఉంటే ఆమెకైనా తెలిసే అవకాశం ఉంది, తండ్రికి అదీ లేదు. తప్పు వాళ్లది కాదు. చేయించుకోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ కథనం ముఖ్యంగా వాళ్ల కోసమే.

అయిదు వైరస్‌లు, రెండు దారులు

హెపటైటిస్ అంటే కాలేయం వాచడం. వైరస్‌ల వల్ల వచ్చే వాపుకు ఎ, బి, సి, డి, ఇ అనే అయిదు వైరస్‌లు ప్రధాన కారణం. అవి ఒంట్లోకి వచ్చే దారులు మాత్రం రెండే. ఎ, ఇ నోటి ద్వారా వస్తాయి. మలం కలిసిన నీళ్లు, సరిగ్గా కడగని చేతులతో వండి వడ్డించిన తిండి వాటికి వాహనాలు. చాలామందిలో అవి కొన్ని వారాలు బాధపెట్టి, వాటంతటవే పోతాయి. బి, సి, డి రక్తం ద్వారా వస్తాయి. ఒకరికి వాడిన సూది, శుద్ధి చేయని పరికరం, పరీక్షించని రక్తం వాటి దారులు. బి అయితే లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు కూడా తేలిగ్గా పాకుతుంది. ఇవి ఒంట్లో తిష్ఠ వేసుకుని దశాబ్దాలు ఉండిపోగలవు. డి ఒంటరిగా బతకలేదు, బి ఉన్నవాళ్లకే సోకుతుంది. అందుకే బి టీకా వేసుకున్నవాళ్లకు డి భయం కూడా తీరుతుంది.

మన ఇళ్లలో భయమంతా పచ్చకామెర్ల మీదే. కళ్లు పచ్చబడితే ఇల్లంతా కంగారు పడుతుంది. కానీ బి, సి దీర్ఘకాలం ఉండిపోయిన వాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి కళ్లు పచ్చబడనే పచ్చబడవు. తిండి, పని, పెళ్లి, పిల్లలు అన్నీ మామూలుగా సాగిపోతాయి. ఇరవై ముప్పై ఏళ్లయ్యాక ఒకరోజు కాళ్లు వాచి, కడుపులో నీరు చేరినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తారు. కొందరు రక్తం కక్కుకున్నప్పుడు వెళ్తారు. అప్పటికి కాలేయం గట్టిపడి సిరోసిస్ వచ్చేసి ఉంటుంది, లేదా క్యాన్సర్ గడ్డ కనిపిస్తుంది. ‘తాగుడు అలవాటు కూడా లేదు కదా సార్, మాకెందుకు వచ్చింది?’ అన్నది కాలేయ వైద్యులు రోజూ వినే ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక చెప్పిన లెక్కలివి. 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మంది హెపటైటిస్ బితో, 5 కోట్ల మంది హెపటైటిస్ సితో బతుకుతున్నారు. ఈ జబ్బుల వల్ల రోజుకు 3,500 మంది చనిపోతున్నారు. మన దేశంలో బి ఉన్నవాళ్లు దాదాపు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్లు దాదాపు 55 లక్షలు. నన్ను వీటన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన అంకె ఇంకొకటి ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో ఆ సంగతి తమకు తెలిసినవాళ్లు ప్రపంచం మొత్తం మీద 13 శాతమే.

ఈ దేశ సగటు మన దగ్గరా వర్తిస్తుందనుకుంటే, ప్రతి వంద మందిలో ఇద్దరికి హెపటైటిస్ బి ఉన్నట్టు. గుండ్లపోచంపల్లి అప్పరెల్ పార్కులో అయిదు వందల మంది బట్టలు కుట్టే షెడ్డు ఒకటి ఉందనుకోండి. అందులో పది మంది మిషన్ల ముందు కూర్చుని ఉంటారు, తమ ఒంట్లో ఏముందో తెలియకుండానే.

పంతం పట్టిన ఇంజినీర్

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి డాక్టర్ కాదు, జీవశాస్త్రవేత్తా కాదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఇంజినీర్. 1990ల మొదట్లో జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు హెపటైటిస్ బి గురించి, దానికి టీకా ఉండీ పేద దేశాలకు అందకపోవడం గురించి ఆయనకు తెలిసింది. అప్పట్లో దిగుమతి చేసుకున్న టీకా మన దేశంలో ఒక్కో డోసు ఏడెనిమిది వందల రూపాయలు పలికేది. ఒక్కొక్కరికి మూడు డోసులు కావాలి. నలుగురున్న ఇంటికి అది ఆ రోజుల్లో కొన్ని నెలల జీతం. సాంకేతికతను కొనుక్కుందామని ఆయన ఒక పాశ్చాత్య సంస్థను అడిగారు. అంత ఖరీదు మీరు పెట్టలేరు, పెట్టినా ఆ సాంకేతికత మీకు అర్థం కాదు, అయినా మీ దేశానికి ఈ టీకా ఎందుకు అన్న అర్థం వచ్చే సమాధానం వచ్చిందని ఆయన తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పటికి మన బ్యాంకులకు బయోటెక్నాలజీ అంటే ఏమిటో తెలియదు. తాకట్టుకు భూమో, యంత్రమో చూపించమంటే ప్రయోగశాలలో ఉన్న ఈస్ట్ కణాలను ఎలా చూపిస్తారు? ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హబ్సిగూడలోని సీసీఎంబీ ప్రాంగణంలో సాగింది. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రయోగశాల ఒక చిన్న ప్రైవేటు సంస్థకు చోటివ్వడం ఆ రోజుల్లో అరుదు. ఆ చోటు దొరకకపోతే ఈ కథ ఇలా నడిచేది కాదని నా నమ్మకం.

వాళ్లు చేసింది ఇదీ. వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లోకి ఎక్కించారు. పెద్ద తొట్టెల్లో ఆ ఈస్ట్‌ను పెంచితే అదే ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. దాన్ని వడగట్టి, శుద్ధి చేసి, అల్యూమినియం లవణానికి పట్టించి సీసాలకు ఎత్తుతారు. అందులో వైరస్ ఉండదు, దాని పైపొర ఆనవాలు మాత్రమే ఉంటుంది. కాబట్టి ఈ టీకా వల్ల జబ్బు రావడం జరగని పని. ఒంటికి మాత్రం ఆ ఆనవాలు గుర్తుండిపోతుంది, నిజం వైరస్ వచ్చినప్పుడు వెంటనే పట్టేస్తుంది. అంతకు ముందు, 1980ల మొదట్లో వచ్చిన టీకాను జబ్బు ఉన్న మనుషుల రక్తం నుంచి తీసేవాళ్లు. ఈస్ట్ పద్ధతి ఆ ఇబ్బందిని తీర్చింది.

శాంతా టీకా యాభై రూపాయలకు అందుబాటులోకి వచ్చింది. తర్వాత భారత్ బయోటెక్, ఇంకా ఇతర సంస్థలు వచ్చాయి. పోటీలో ధర పడిపోయింది. 2002లో శాన్‌వ్యాక్-బికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ముద్ర దొరికింది. అంటే యూనిసెఫ్ లాంటి సంస్థలు దాన్ని కొని ఇతర దేశాలకు పంపవచ్చు. వరప్రసాద్ రెడ్డికి 2005లో పద్మభూషణ్ ఇచ్చారు. 2009లో శాంతా ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. దారంతా నల్లేరు మీద నడక కాదు. 2010లో శాంతా పెంటావలెంట్ టీకా సీసాల గోడలకు తెల్లటి మడ్డి అంటుకుంటోందని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని అర్హతను వెనక్కి తీసుకుంది. మళ్లీ పొందడానికి 2014 దాకా పట్టింది. పసిపిల్లలకు వేసే మందు విషయంలో అంత కఠినంగా ఉండటమే సరైనది.

శాన్‌వ్యాక్-బి మార్కెట్లోకి వచ్చిన అదే 1997లో తైవాన్ నుంచి ఒక అధ్యయనం వెలువడింది. 1984లో అక్కడ పుట్టిన పిల్లలకు హెపటైటిస్ బి టీకా వేయడం మొదలుపెట్టారు. పదేళ్లు గడిచేసరికి ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదని లోకానికి లెక్కలతో తెలిసింది అప్పుడే. అంటే అత్వెల్లిలో తయారైంది కామెర్ల టీకా మాత్రమే అనుకోవద్దు, అది క్యాన్సర్‌ను ఆపే టీకా కూడా.

మొదటి ఇరవై నాలుగు గంటలు

హెపటైటిస్ బి ఎవరిని ఎంత పీడిస్తుందన్నది అది ఏ వయసులో సోకిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్లకు సోకితే నూటికి తొంభై అయిదు మందిలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే లెక్క తిరగబడుతుంది. ఆ పసిపిల్లల్లో నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అప్పుడే పుట్టిన ఒంటికి అది శత్రువని తెలియదు, ఎదిరించదు. ఈ రోజు ముప్పై నలభై ఏళ్ల వయసులో సిరోసిస్‌తో ఆస్పత్రిలో చేరుతున్న ఎంతోమందికి జబ్బు అంటుకున్నది ఊయల వయసులోనే.

అందుకే పుట్టిన 24 గంటల లోపు వేసే తొలి డోసుకు అంత విలువ. ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావలెంట్ రూపంలో మిగతా డోసులు పడతాయి. తల్లికి బి ఉన్నట్టు ముందే తెలిస్తే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. తల్లి రక్తంలో వైరస్ బాగా ఎక్కువగా ఉంటే చివరి నెలల్లో ఆమెకు వైరస్‌ను అణచిపెట్టే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు. ఇవన్నీ సకాలంలో జరిగితే బిడ్డకు సోకే అవకాశం దాదాపు లేకుండా పోతుంది. కన్నతల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. కాన్పు ఏ ఆస్పత్రిలో జరిగినా, గది నుంచి బయటికి వచ్చిన నర్సమ్మను బరువెంత అని అడిగినట్టే, హెపటైటిస్ టీకా వేశారా అని కూడా ఇంట్లోవాళ్లు అడగాలి. మరుసటి రోజు చూద్దాంలే అంటే, ఆ ఒక్క రోజులోనే జరగరానిది జరిగిపోవచ్చు.

ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి హెపటైటిస్ బి 2002-03లో ప్రయోగాత్మకంగా కొన్ని నగరాలు, జిల్లాల్లో వచ్చింది. దేశమంతా విస్తరించేసరికి 2011 అయింది. అంటే అంతకు ముందు పుట్టిన తరాల్లో, ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకున్నవాళ్లను మినహాయిస్తే, మిగిలిన వాళ్లలో చాలామందికి ఈ రక్షణ అందలేదు. నేడు అప్పరెల్ పార్కులో పనికి వెళ్తున్న అమ్మాయి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క గోదాములో బరువులెత్తే కుర్రాడు, ఆటో నడిపే అన్న, వీళ్లందరిదీ ఆ తరమే. వాళ్లకు పరీక్ష చేసి, లేదని తేలితే టీకా వేసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. పని ఇచ్చిన యాజమాన్యానిదీ, ఊరి పాలన చూసే స్థానిక సంస్థదీ అని నేనంటాను.

గల్ఫ్ మెడికల్‌లో తెలిసే జబ్బు

మరి జనానికి ఈ సంగతి ఎప్పుడు తెలుస్తోంది? రక్తదానం చేసినప్పుడు, ఏదో ఆపరేషన్‌కు ముందు, లేదంటే గల్ఫ్ వీసాకు మెడికల్ చేయించుకున్నప్పుడు. గల్ఫ్ దేశాలు పనివాళ్లకు హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి చేశాయి. ఉత్తర తెలంగాణ ఊళ్ల నుంచి దుబాయికి, సౌదీకి బయల్దేరే యువకులకు ‘అన్‌ఫిట్’ అన్న ముద్ర పడిన రోజే ఆ వైరస్ పేరు మొదటిసారి వినిపిస్తుంది. అప్పటికే ఏజెంటుకు డబ్బు కట్టి ఉంటారు. చేతిలో కాగితం పెట్టి పంపించేస్తారే తప్ప, అది ఏమిటో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లుండరు. ఊరికి తిరిగొచ్చి సంగతి దాచుకుంటారు. దాచుకున్న జబ్బుకు వైద్యం ఉండదు.

దాచుకోవాల్సినంత భయం ఎందుకంటే, ఇది ఎలా అంటుకుంటుందో చుట్టుపక్కల వాళ్లకు తెలియదు. ఒకే కంచంలో తింటే హెపటైటిస్ బి రాదు. ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, పక్కన పడుకున్నా, కౌగిలించుకున్నా, దగ్గినా రాదు. కోడలికి బి ఉందని తెలిసి కంచం, గ్లాసు వేరు చేయడం అన్యాయం. చేయాల్సింది వేరే ఉంది. భర్తకు, పిల్లలకు, తోబుట్టువులకు పరీక్ష చేయించాలి, లేనివాళ్లకు టీకా వేయించాలి. షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్లు తీసే కత్తెర మాత్రం ఎవరివి వాళ్లవే ఉండాలి. ఈ వైరస్ ఒంటి బయట ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కంటికి కనపడనంత రక్తం చాలు దానికి.

సూది గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో ఒకే సిరంజీని మళ్లీ మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి చెలరేగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. జ్వరం వస్తే మాత్ర సరిపోయే చోట సూది వేయించుకుంటేనే తగ్గుతుందన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వద్దనండి, మాత్ర చాలంటే ఆయనకేమీ కోపం రాదు. తప్పదంటే మీ కళ్ల ముందు కొత్త ప్యాకెట్ చింపమనండి. మంగలి షాపులో కొత్త బ్లేడు అడగండి. జాతరలో పచ్చబొట్టు వేసే చోట, పాపకు చెవులు కుట్టించే చోట సూది కొత్తదేనా అని చూడండి. అడగడం మర్యాద తక్కువ పని కాదు.

నల్లాకు మోటారు, పక్కన మోరీ

ఎ, ఇ వైరస్‌ల కథ నీళ్లది. 2005 మార్చి నుంచి ఆగస్టు దాకా హైదరాబాద్‌ను హెపటైటిస్ ఇ వణికించింది. 1,600కు పైగా కేసులు లెక్కకు వచ్చాయి. కారణాన్ని వెతుక్కుంటూ వెళ్లిన పరిశోధకులకు తేలిందేమిటంటే, మంచినీటి పైపులు తెరిచి ఉన్న మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లిన బస్తీల్లోనే జబ్బు అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఢిల్లీ. 1955-56లో యమున నీళ్లలోకి మురుగు చేరి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ వైరస్ పని అని తెలిసింది దశాబ్దాల తర్వాతే.

మురుగు పైపులోకి ఎలా వెళ్తుందన్నది అర్థం చేసుకుంటే జాగ్రత్త తేలికవుతుంది. నీళ్లు రోజంతా ఒత్తిడితో పారుతుంటే, పైపుకు చిల్లు ఉన్నా నీళ్లు బయటికే పోతాయి. మన దగ్గర నీళ్లు కొన్ని గంటలే వదులుతారు. ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి చిల్లు నుంచి పక్కనున్న మోరీ నీళ్లు చేరతాయి. మళ్లీ వదిలిన మొదటి నీళ్లలో అదే వస్తుంది. ఒకరిద్దరు నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే ఆ గుంజుడుకు మురుగు ఇంకా ఎక్కువ చేరుతుంది. తమ సంపు నిండాలని వేసిన మోటారు వీధి మొత్తానికి జబ్బు తెస్తుంది. దీన్ని వదిలెయ్యమని అడిగే హక్కు పక్కింటి వాళ్లకుంది.

గుండ్లపోచంపల్లి, కండ్లకోయ, మేడ్చల్ లాంటి చోట్ల ఇంకో చిక్కు ఉంది. ఊరు పెరిగిన వేగంతో భూగర్భ డ్రైనేజీ పెరగదు. పాత ఇళ్ల పక్కన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య కూలీల గదులు లేస్తాయి. ఒకే స్థలంలో సెప్టిక్ ట్యాంకు, సంపు, బోరు పక్కపక్కనే ఉంటాయి. సెప్టిక్ ట్యాంకుకు పగులు వస్తే మురుగు ముందుగా చేరేది పక్కనున్న సంపుకే. సంపు మూత నేలమట్టంగా ఉంటే వానకాలంలో వీధి నీళ్లు అందులోకే దిగుతాయి. ట్యాంకరు నీళ్లు ఏ బోరువో అడిగేవాళ్లుండరు. వానకాలం ముందు సంపు కడిగించడం, మూతను నేలకు ఎత్తుగా కట్టించడం, క్లోరిన్ వేయించడం అపార్ట్‌మెంటు సంఘాలు రంగులు వేయించడం కంటే ముందు చేయాల్సిన పనులు. తాగే నీళ్లు బాగా మసలకాచి చల్లార్చుకుంటే ఎ, ఇ రెండూ చస్తాయి. ఇంట్లో గర్భిణి ఉంటే ఇది తప్పనిసరి. చివరి నెలల్లో హెపటైటిస్ ఇ సోకిన గర్భిణుల్లో నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా చనిపోయే ప్రమాదముంది. మిగతావాళ్లను వారాల్లో వదిలేసే జబ్బు ఒక్క వాళ్లనే ఇలా పొట్టన పెట్టుకుంటుంది. కడుపుతో ఉన్న ఆడపిల్ల కళ్లు పచ్చబడితే ఆ రోజే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

హెపటైటిస్ ఎ విషయంలో విచిత్రం ఉంది. చిన్నపిల్లలకు సోకితే చాలాసార్లు జ్వరంలా వచ్చిపోతుంది, జీవితాంతం రక్షణ మిగులుతుంది. ఒకప్పుడు మనందరికీ అలాగే జరిగింది. ఇప్పుడు గేటెడ్ కాలనీల్లో శుభ్రమైన నీళ్లతో పెరిగిన పిల్లలకు ఆ రక్షణ ఉండదు. హాస్టల్‌కో, ఉద్యోగానికో వెళ్లి బయటి నీళ్లు తాగినప్పుడు, పెద్ద వయసులో అది తీవ్రంగా వస్తుంది. అలాంటి పిల్లలకు ఎ టీకా మేలు. దానికి కూడా ఇప్పుడు మన ఊరి మందే ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ 2024 జనవరిలో హావిష్యూర్ పేరుతో దేశీయంగా తయారైన హెపటైటిస్ ఎ టీకాను తెచ్చింది.

పసరు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది

కామెర్లు రాగానే పసరు కోసం పరిగెత్తే ఇళ్లు ఇప్పటికీ ఎక్కువే. కొందరు కంట్లో చుక్కలు వేయిస్తారు, కొందరు మణికట్టు దగ్గర కాల్పించుకుంటారు. వాళ్లను ఎగతాళి చేయడం నాకిష్టం ఉండదు. వాళ్లకు తగ్గడం కళ్లారా చూశారు. ఎ, ఇ కామెర్లు నాలుగు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ లేకపోయినా తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది.

పసరుగా వాడే నేల ఉసిరి సంగతే తీసుకోండి. దాన్ని శాస్త్రం పట్టించుకోలేదనడం నిజం కాదు. హెపటైటిస్ బి వైరస్ ఆనవాలును 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనిపెట్టి, 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ కూడా దాని మీద పనిచేశారు. మద్రాసు శాస్త్రవేత్తలతో కలిసి ఆయన 1988లో ప్రచురించిన అధ్యయనంలో నేల ఉసిరి తీసుకున్న వాళ్లలో సగానికి పైగా రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని రాశారు. లోకమంతా ఆశపడింది. తర్వాత వేరే చోట్ల జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. పరీక్షకు నిలబడని మందును పక్కన పెట్టేయడం తప్ప దారి లేదు, దాన్ని పరీక్షించినవాళ్లలో నోబెల్ గ్రహీత ఉన్నా సరే. ఆ బ్లంబర్గ్ పుట్టినరోజు జూలై 28. ఏటా ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నది ఆ రోజే.

పసరు వల్ల అసలు నష్టం ఆలస్యం. కామెర్లు పిత్తనాళంలో రాయి అడ్డుపడటం వల్లా వస్తాయి, గడ్డ వల్లా వస్తాయి. మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురద పెడితే ఆ అనుమానం రావాలి. బి వైరస్ వల్ల వచ్చిన కామెర్లు పసరుతో తగ్గినట్టే కనిపించి వైరస్ లోపలే ఉండిపోవచ్చు. మరికొన్ని మూలికలు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. కామెర్లు ఉన్న మనిషి మత్తుగా పడుకున్నా, మాట తడబడినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ఒక్క పూట కూడా ఆగకూడదు. పథ్యం పేరుతో ఉప్పూ నూనె లేని గంజి వారాల తరబడి తాగించి మనిషిని నీరసపరచడం కూడా మానాలి. తినగలిగింది తినవచ్చు, మద్యం ముట్టకూడదు, నొప్పి మాత్రలు సొంతంగా మింగకూడదు.

మందులూ ఇక్కడివే

హెపటైటిస్ సికి టీకా లేదు, కానీ పూర్తిగా నయమయ్యే మాత్రలున్నాయి. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల కోర్సు 84 వేల డాలర్లు. 2015లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో సంస్థలు అదే మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయల ధరకు తెచ్చాయి. తర్వాత అది ఇంకా చాలా తగ్గింది. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి తొంభై మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, 1990లలో గానీ అంతకు ముందు గానీ రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి. బిని మాత్రం పూర్తిగా తుడిచేసే మందు ఇంకా రాలేదు. రోజుకొక టెనోఫోవిర్ మాత్రతో దాన్ని అణచిపెట్టి, సిరోసిస్, క్యాన్సర్ ముప్పును బాగా తగ్గించవచ్చు. బి ఉన్న ప్రతి ఒక్కరికీ మాత్ర అవసరం ఉండదు, క్రమం తప్పకుండా పరీక్షలు మాత్రం అందరికీ అవసరం.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఇది తెలియక ప్రైవేటులో అప్పులు చేస్తున్న కుటుంబాలున్నాయి. టీకా ఉంది, మందు ఉంది, ఉచిత పథకం ఉంది. వీటిని జనం దగ్గరికి చేర్చే పనే జరగడం లేదు.

కాబట్టి అప్పరెల్ పార్కు యాజమాన్యాలకు, ఈ పారిశ్రామిక వాడల్లోని ప్రతి కంపెనీకి నా విన్నపం. ఏటా చేసే ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగర్ పక్కన హెపటైటిస్ బి, సి పరీక్షలు చేర్చండి. వచ్చిందని తేలినవాళ్ల పేర్లు బయటపెట్టకండి, ఉద్యోగం తీసేయకండి. లేనివాళ్లకు మూడు డోసులు వేయించండి. మొదటిది ఈ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. పారిశుధ్య కార్మికులకు, ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లకు ఇది ముందుగా జరగాలి, సూదుల చెత్త ఎత్తేది వాళ్ల చేతులే.

మిగిలినవాళ్లం, మన ఇంటి నుంచే మొదలుపెడదాం. జూలై 28 దాకా ఆగనక్కర్లేదు. ఈ వారంలో వీలు చూసుకుని ఇంటిల్లిపాదీ దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి హెపటైటిస్ బి పరీక్ష అడగండి. దానికి పరగడుపున ఉండాల్సిన పని లేదు. వేలి నుంచి ఒక చుక్క రక్తం చాలు, అరగంట లోపే ఫలితం చెబుతారు.